15 ఏండ్ల మిలిటరీ సరే, 25 ఏండ్ల బ్యాంకు గేటు మాటేమిటి?

మా మామ, అంటే మా ఆయన నాయన, పెద్దకర్మ రోజు ఊళ్ళో షామియానా వేసి, భోజనాలకు ముందు నలుగురు మైకు పట్టుకుని మాట్లాడినారు. అందరూ మంచే చెప్పినారు, పోయినోళ్ళ గురించి చెడు ఎవరు చెప్తారు. కానీ నలుగురూ చెప్పింది ఒకటే కథ. 1971 యుద్ధం, ఢాకాలో 93 వేల మంది పాకిస్తానోళ్ళు లొంగిపోవడం, ఆ తర్వాత నేరుగా మా మామ. మధ్యలో ఇంకేమీ లేదు. ఒకాయనైతే ఫోటోలో కోటు మీదున్న మెడల్స్ చూపించి, అవి శౌర్యానికి ప్రభుత్వం ఇచ్చిన పతకాలు అని కూడా అనేసినాడు, జనం చప్పట్లు కొట్టినారు. నా పక్కన కుర్చీలో ఉన్న అత్త నా చెవి దగ్గరికి వంగి "వీళ్ళు ఎవుర్ని గురించి చెప్తా ఉండారే?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

మామ 82 ఏండ్లు బతికినాడు. అందులో మిలిటరీలో ఉన్నది 15 ఏండ్లు, 1963 నుంచి 1978 దాకా. ఆ తర్వాత 2003లో రిటైరయ్యేదాకా, అంటే 25 ఏండ్లు, చిత్తూరు హైరోడ్డులో ఒక బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకి పట్టుకుని గార్డుగా నిలబడినాడు. మైకులో ఆ 25 ఏండ్ల ముచ్చట ఒక్క ముక్క రాలేదు. ఎవరికీ తెలియక కాదు, ఆ నలుగురిలో ఇద్దరికి ఆ బ్యాంకులోనే ఎకౌంట్లు ఉండేవి, గేటు తీసింది మామే.

దీని మీద ఇంట్లో మా ఆయనతో, ఆయన అన్న మా బావతో వాదనలు అయినాయి, ఇంకా అవుతానే ఉన్నాయి. నేననేది ఏమంటే, రిటైరైన సైనికుడు పోతే ఆయన్ని కేవలం సైనికుడిగానే తలచుకోవడం ఆయనకు చేసే గౌరవం అనుకుంటాం గానీ, అది ఎక్కువ భాగం మన గొప్ప కోసం మనం చేసుకునేదే. మెరిసే ముక్క ఒకటి తీసుకుని మిగతాది చీకట్లో పెట్టేస్తాం. "కుటుంబం కోసమే బతికినాడు" అని పక్కనే ఇంకో వాక్యం కలుపుతాం. ఎక్కడ బతికినాడు, ఎట్లా బతికినాడు అంటే మాత్రం చెప్పం.

మెడల్స్ లెక్క

ముందు ఆ మెడల్స్ సంగతి తేల్చేస్తాను. మామకు ఉన్నవి 1965కి రక్షా మెడల్, 1971కి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఇంకా 1972లో స్వాతంత్ర్యానికి 25 ఏండ్లు నిండినాయని అప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళకు ఇచ్చినది. ఇవి సర్వీసు మెడల్స్. ఆ కాలంలో ఆ జాగాలో డ్యూటీలో ఉన్న వాళ్ళందరికీ వచ్చేవి. శౌర్య పతకాలు వేరే, పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఈ తేడా మామకు బాగా తెలుసు, ఎవరైనా పొరపాటున అంటే వెంటనే దిద్దేవాడు.

2021 ఫిబ్రవరిలో, 1971 గెలుపుకు యాభై ఏండ్లని దేశమంతా తిప్పిన స్వర్ణిమ విజయ జ్యోతి తిరుపతికి వచ్చింది కదా, అప్పటి ముఖ్యమంత్రి మేజర్ జనరల్ వేణుగోపాల్ గారి ఇంటికి పోయి సన్మానం చేసినారు. 1971లో గూర్ఖా బెటాలియన్‌ను నడిపించి మహావీర చక్ర తీసుకున్న మనిషి మన తిరుపతిలోనే ఉన్నాడని మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. మామ టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని మొత్తం చూసినాడు. నేను "మీరూ అదే యుద్ధంలో ఉన్నారు కదా మామా" అంటే, "ఆయప్పలు ముందర నడిచినోళ్ళు. మేం వెనకాల బియ్యం, గుండ్లు మోసినోళ్ళం. ఆయప్పకూ నాకూ పోలికేందమ్మా" అన్నాడు. ఆ మాటలో తక్కువ చేసుకోవడం ఏమీ లేదు, లెక్క చెప్తున్నట్టే చెప్పినాడు.

ఆయన ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. బెంగుళూరులో ట్రైనింగు. మిలిటరీలోకి పోయేనాటికి ఎద్దుల బండి తోలడం ఒక్కటే వచ్చు. ఆ తర్వాత జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ చేతికొచ్చింది, దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం మామ మొహం వెలిగిపోయేది. స్టీరింగు ఎంత గట్టిగా ఉండేదో, చలికాలం పొద్దున్నే స్టార్టు చేయడానికి ఎన్ని తిప్పలు పడేవాళ్ళో గంటలు గంటలు చెప్పేవాడు. 1971లో బెంగాలు వైపు, బాలూర్‌ఘాట్ దగ్గర హిల్లీ పక్క ఉన్నాడు. పోయేటప్పుడు గుండ్లు, వచ్చేటప్పుడు గాయపడినోళ్ళు. రోడ్డుకు రెండు పక్కలా కాందిశీకులు, ఆ ఏడాది అట్లా కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చినారు. ఒకరాత్రి ఒక బాలింతకు తన కంబళి ఇచ్చేసినాడంట. కిట్టు లెక్కలో కంబళి తక్కువైందని తర్వాత జీతంలో పట్టుకున్నారు. యుద్ధం గురించి ఆయన నవ్వుతా చెప్పే కథ అదొక్కటే. "బంగ్లాదేశ్‌కు నా వంతు ఒక కంబళి" అనేవాడు. మైకు పట్టుకున్న వాళ్ళకు ఈ కథ చెప్పుంటే బాగుండేది, చప్పట్లు ఎన్ని పడేవో తెలియదు గానీ.

జీతానికి పోయినాడు, దాంట్లో తప్పేముంది

ఐరాల దగ్గర మాది మెట్ట ఊరు. అటు పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం లాగా తరతరాలుగా ఇంటికొకరు పోయే ఊరేమీ కాదు. వానొస్తే చెనిక్కాయలు, రాకపోతే అప్పులు. 1962లో చైనా యుద్ధం తర్వాత సైన్యంలోకి మనుషుల్ని పెద్ద ఎత్తున తీసుకున్నారు, బావి ఎండిపోయి రెండేండ్లుగా పంట చేతికి రాని ఇంట్లో నలుగురన్నదమ్ముల్లో రెండోవాడు మామ. ఎందుకు పోయినారు అని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే, "మూడు పూట్లా తిండి పెట్టి జీతం ఇస్తారని పోయినా". దేశభక్తి లేదా అంటే "అది పోయినాక వచ్చింది" అనేవాడు. దానికి మా బావ పిల్లల ముందు గొంతు తగ్గించమని సైగ చేసేవాడు.

ఎందుకు తగ్గించాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో గంజికి లేని రోజుల్లో ఒక పిల్లోడు నెలనెలా డబ్బు పంపగలిగే ఉద్యోగం వెతుక్కుని పోవడం కుటుంబం కోసం కాక మరి దేనికోసం. మనం దేశం ఒక పక్క, ఇల్లు ఒక పక్క పెట్టి రెండిట్లోనూ గొప్పవాడు అంటాం, ఆయన లెక్కలో అవి రెండు కాదు. జీతం అనే మాట అంటే సేవ అనే మాట చిన్నదైపోతుందని మనకు భయం, ఆయనకు లేదు.

అత్త పక్క నుంచి చూస్తే ఈ కథ ఇంత నున్నగా కూడా ఉండదు. జీతంలోంచి కోసి మనియార్డరు ఇంటికొచ్చేది, కానీ వచ్చేది మామ నాయన పేరు మీద. ఉమ్మడి సంసారం, డబ్బు పెద్దల చేతిలో, అత్త చేతికి పలకా బలపానికి కూడా అడిగితే గానీ వచ్చేది కాదు. ఆమె పక్క చేలల్లో కలుపుకు పోయింది, మిలిటరీ వాడి పెండ్లాం కూలికి పోతా ఉందని ఊళ్ళో నవ్వినారు. చివరికి ఊరి అయ్యవారితో ఒక ఇన్‌ల్యాండ్ లెటరు రాయించింది. తర్వాతి నెల నుంచి మనియార్డరు ఆమె పేరు మీద వచ్చింది. పెండ్లాం మాట విని కన్నోళ్ళను వదిలేసినాడని అన్నదమ్ములు ఏడాది పాటు మామతో మాట్లాడలేదంట. నన్నడిగితే మామ చేసిన సాహసాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది, దీనికి మెడల్ లేదు.

ఇంకో ముచ్చట. సైన్యంలో ఉన్నవాళ్ళ అడ్రసులో ఊరి పేరు ఉండదు. కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉంటుంది, అంతే. అత్తకు ఇంగ్లీషు రాదు, అంకెలు తెలుసు. కొన్నేండ్లు 56 అని వచ్చిన కవర్ల మీద ఒకసారి 99 అని వచ్చింది. అయ్యవారిని అడిగితే 56 పడమటి పక్క, 99 తూర్పు పక్క అని ఆయన ఎక్కడో విన్నది చెప్పినాడు. ఆమెకు తన మొగుడు దేశంలో ఏ మూల ఉన్నాడో తెలిసింది అట్లా, రెండంకెల్లో. 1971 అక్టోబర్లో మా ఆయన పుట్టినాడు. లీవులు ఆపేసినారు. బిడ్డ తొమ్మిది నెలలవాడైనాక తండ్రి చూసినాడు. మా బావ, మా ఆయన, మా ఆడబిడ్డ ముగ్గురి పుట్టినరోజులూ అక్టోబర్లోనే, ఎందుకంటే మామకు లీవు దొరికేది సంక్రాంతికే. ఇది చెప్తే మా ఆడబిడ్డ ఇప్పటికీ సిగ్గుపడుతుంది, కానీ సైనికుడి సంసారం అంటే ఏందో ఇంతకంటే ఒక్క ముక్కలో చెప్పలేం.

మామ వాళ్ళమ్మ పోయినప్పుడు ఆయనకు టెలిగ్రాం అందేసరికి ఆలస్యమై, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు దాకా వచ్చి, అక్కడ్నించి కాట్పాడి, చిత్తూరు, ఐరాల చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. "ఆయనా నేనూ ఇద్దరం చేసినాం సర్వీసు, ఆయన ఆడ, నేను ఈడ. ఆయనకు పింఛను ఇచ్చినారు" అంటుంది అత్త. ఎగతాళి, కోపం, గర్వం అన్నీ కలిపి.

తిరిగొచ్చిన మనిషి

1978లో ట్రంకు పెట్టె మోసుకుని వచ్చేసినాడు. వయసు 35. మన దగ్గర ఆ వయసుకు చాలామంది ఉద్యోగంలో కుదురుకుంటా ఉంటారు, ఆయన రిటైరై వచ్చినాడు. మా బావకు పదేండ్లు. సెలవుల్లో వచ్చి బిస్కెట్లు, ఉన్ని స్వెట్టర్లు ఇచ్చిపోయే మనిషి ఇప్పుడు ఇంట్లోనే ఉండిపోయినాడు, అది పిలకాయలకు పండగ కాదు, శిక్ష. పొద్దున అయిదింటికి లేపడం, దుప్పటి మడత అంగుళం తేడా ఉంటే మళ్ళీ మడిపించడం, చెరువు కట్ట మీద పరుగెత్తించడం. బావ ఒకసారి ఎదురు చెప్తే బెల్టు తీసినాడంట. ఆ తర్వాత తండ్రీ కొడుకులు అవసరానికి మించి మాట్లాడుకోలేదు, చాలా ఏండ్లు. ఇవన్నీ రాస్తే పోయిన మనిషిని తిట్టినట్టు అనుకుంటారేమో గానీ, ఆదర్శ కుటుంబీకుడు అని మైకులో చెప్పినప్పుడు ఆ బావే మొదటి వరుసలో తలూపుతా ఉన్నాడు, అందుకే రాస్తున్నాను. మామ పుట్టుకతో మంచి తండ్రి కాదు. మెల్లగా నేర్చుకున్నాడు. నేర్చుకున్న చోటు బ్యాంకు గేటు అని నా అనుమానం.

అప్పుడు చిత్తూరు బెల్లం మండీల వాళ్ళు గోనెసంచుల్లో డబ్బు తెచ్చి కట్టేవాళ్ళు, గేటు దగ్గర ఎప్పుడూ రద్దీ. మామ చదివింది ఎనిమిది దాకానే, కానీ మిలిటరీలో ఫారాలు నింపి నింపి ఆ ఇంగ్లీషు వచ్చేసింది. పల్లెల నుంచి వచ్చిన ముసలోళ్ళకు విత్‌డ్రాయల్ స్లిప్పులు రాసిచ్చేవాడు. వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించేవాడు. డబ్బు లెక్కపెట్టించి, కొంగులో ముడేయించి, బస్టాండు దాకా ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పి పంపేవాడు. తొందరగా ఆర్డర్లేసే మనిషి అక్కడ ఒకే మాట నాలుగుసార్లు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే కాళ్ళు వాచిపోయి ఉండేవి, అత్త ఉప్పేసిన వేణ్ణీళ్ళు బకెట్లో పెట్టేది, ఆ బకెట్ చుట్టూ పిల్లలు కూర్చుని చదువుకునేవాళ్ళు అని మా ఆడబిడ్డ చెప్తుంది. తుపాకి ఏడాదికోసారి ప్రాక్టీసుకు పేల్చడమే తప్ప 25 ఏండ్లలో దాని అవసరం ఒక్కసారీ రాలేదు.

ముగ్గురి చదువులూ ఆ జీతం మీదే. ఇల్లు కట్టింది బ్యాంకు స్టాఫ్ లోను మీద. ఆ ఇంటి గేటుకు రాతి పలక మీద పేరు చెక్కించి కింద ఎక్స్ సర్వీస్‌మన్ అని రాయించినారు. అప్పు ఇచ్చిన ఉద్యోగానికి ఆ పలక మీద చోటు దొరకలేదు.

నా పెండ్లి సంబంధం వచ్చినప్పుడు మధ్యవర్తి మా నాయనకు "పిల్లోడి నాయన మిలిటరీ ఆఫీసరు" అని చెప్పి తీసుకొచ్చినాడు. కాఫీలు అయినాక మామ గ్లాసు కింద పెట్టి, "ఒక మాట బావా, నేను ఆఫీసర్ని కాదు. డ్రైవర్ని. ఇప్పుడు బ్యాంకులో గార్డుగా ఉండా. ఇంకో అయిదేండ్లు సర్వీసుంది" అన్నాడు. మధ్యవర్తి మొహం చూడాలి. మా ఆయన తల వంచుకున్నాడు. మా నాయన ఆ రాత్రి మా అమ్మతో కట్నం గురించి ఏమీ మాట్లాడలేదు, "ఈ మనిషి అబద్ధం ఆడడు" అని మాత్రం అన్నాడు. సంబంధం కుదిరింది.

ఆయనకే ఇష్టమైతే?

నా వాదనకు పెద్ద అడ్డం ఇక్కడే ఉంది, దాన్ని తప్పించుకుని పోలేను. మిలిటరీ అనిపించుకోవడం మామకు ఇష్టం. ఆగస్టు 14 రాత్రి బ్రాస్సో పెట్టి మెడల్స్ తోమేవాడు, మరుసటి రోజు వీధి జెండా దగ్గర కోటు వేసుకుని నిలబడేవాడు. పేరు అడిగితే ముందు నంబరు చెప్పి తర్వాత పేరు చెప్పే అలవాటు చివరిదాకా పోలేదు. చుట్టాలు క్యాంటీన్ రమ్ము కోటా కోసం చుట్టూ తిరిగితే "నేను తాగను, ఇంకొకరికి తెచ్చియ్యను" అని కరాఖండిగా చెప్పేవాడు, అది కూడా మిలిటరీ పరువుకు సంబంధించిన విషయమే ఆయనకు. మరి బ్యాంకు గురించి? ఆయనంతట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అడిగితే చెప్పేవాడు, అంతే. ఆయనే దాచుకున్నదాన్ని ఇప్పుడు నేను బయటికి లాగడం ఏం న్యాయం అని బావ అడుగుతాడు. మంచి ప్రశ్నే. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు చాన్నాళ్ళు.

మామ పోయినాక ఒకరోజు మా ఆయన చెప్పిన సంగతి విన్న తర్వాత నా ఆలోచన ఇంకోవైపు తిరిగింది. ఇంటర్ చదివేటప్పుడు ఫీజు డీడీ తీయడానికి ఫ్రెండ్స్‌తో కలిసి ఆ బ్యాంకుకే పోవాల్సి వచ్చిందంట. కాలేజీలో మా నాయన మిలిటరీ అని చెప్పుకుని ఉన్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆడలేదు. మామ చూసినాడు, కొడుకు మొహం చూసినాడు, వెంట ఉన్నోళ్ళను చూసినాడు. గేటు తీసి "రండి సార్, డీడీ కౌంటర్ ఎడం పక్క" అన్నాడంట, అందరితో పాటు కొడుకును కూడా చూసి. ఇంటికొచ్చినాక ఆ విషయం ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ. మా ఆయన ఇన్నేండ్లు నాక్కూడా చెప్పలేదు. చెప్పి బయటికెళ్ళి చాలాసేపు స్కూటర్ తుడుస్తా ఉండిపోయినాడు.

అంటే ఆయన గేటు గురించి మాట్లాడకపోవడం ఆయన సిగ్గు కాకపోవచ్చు, మా సిగ్గు చూసి నోరు మూసుకున్నాడేమో. నాకు రుజువేం లేదు. కానీ పెండ్లి చూపుల్లో నలుగురిలో గార్డునని చెప్పిన మనిషికి ఆ ఉద్యోగం అంటే నామోషీ అని నేను నమ్మను. మెడల్స్ తోముకున్నాడు, నిజమే, వాటిని చూసి పిల్లలు సంతోషపడేవాళ్ళు కూడా. ఏది చూసి మనం సంతోషపడతామో అదే మనకు చూపించినాడు.

ఇది అతి తెలివి అని బావ అంటాడు. అయ్యుండచ్చు.

చివరి పదేండ్లు

ఈ భాగం గురించి మైకులో మాట్లాడటానికి ఎవరికీ ఏమీ లేదు, చూసింది నేను, మా ఆయన. తిరుపతిలో మా దగ్గరే ఉన్నారు ఇద్దరూ. అత్తకు కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయింది. నేను స్కూలుకు పొద్దున్నే పోవాలి, ఆమెకు నడుం దాకా జుట్టు, తల దువ్వేవాళ్ళు లేరు. కత్తిరించేద్దాం అంటే ఏడ్చింది. మామ దువ్వెన తీసుకున్నాడు. లారీ మీద సరుకు కట్టే తాడు ముడేసినట్టు వేసేవాడు జడ, నొప్పి అని ఆమె అరుపులు, "కదలొద్దు, లూజయితే మధ్యలో ఊడిపోద్ది" అని ఈయన. మొదట్లో జడ ఎప్పుడూ ఒక పక్కకు వాలిపోయేది, ఆమె అద్దంలో చూసుకుని ఊరంతా వినపడేలా తిట్టేది. పోనుపోను బాగానే కుదిరింది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నోళ్ళకు ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను అనే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ బకాయిలు 2014 నుంచి లెక్కేసి వచ్చినప్పుడు ఆ డబ్బుతో ఆమెకు కమ్మలు చేయించినాడు, కలుపుకు పోయిన రోజుల్లో అమ్ముకున్న కమ్మల బదులు. ఏ కమ్మలు, ఎప్పుడు అమ్మింది అని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకు గుర్తుంది.

నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్ గొడవ. వేలిముద్ర మిషన్ మీద పెడితే పట్టేది కాదు, లారీ స్టీరింగు, గ్రీజు, వయసు, అన్నీ కలిసి గీతలు అరిగిపోయినాయి. ఒకచోట మూడుసార్లు పెట్టించి రేపు రమ్మన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని "నేను బతికే ఉండానని నా వేలే సాక్ష్యం చెప్పడం లేదే" అని నవ్వినాడు. తర్వాత ఇంకోచోట కన్ను స్కాన్ చేసి ఇచ్చినారు. అక్కడ లైన్లో ఉన్న మిగతా ముసలాళ్ళకు ఫారాలు నింపిచ్చే దాకా మమ్మల్ని కదలనివ్వలేదు, గేటు అలవాటు.

ఇప్పుడు దీనితో ఏం పని అంటే

ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరుగెత్తే పిల్లల్ని చూసే ఉంటారు. అగ్నివీర్ కోసం ప్రాక్టీసు. మా వీధి పిల్లలు కూడా కొంతమంది మామ దగ్గరికి సలహాకు వచ్చేవాళ్ళు, యుద్ధం కథలు చెప్తాడని ఆశతో. ఆయన శక్తిమాన్ గురించి కాసేపు చెప్పి, తర్వాత అడిగే ప్రశ్నలు రెండే. ఇంట్లో ఎవరు చూసుకుంటారు, తిరిగొచ్చినాక ఏం చేస్తావు. 2022లో ఆ స్కీము వచ్చినప్పటి నుంచి రెండో ప్రశ్న మీద ఎక్కువసేపు నిలిచేవాడు. నాలుగేండ్లు, నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు, మిగతావాళ్ళకు దాదాపు 11.7 లక్షలు చేతికిచ్చి పంపిస్తారు, పింఛను లేదు. "నాకు 35 ఏండ్లకు పింఛను ఉండి కూడా ఆరు నెల్లు నిద్ర పట్టలేదురా. నువ్వు 22కే వచ్చేస్తావు. డబ్బులు నాయన అప్పులకు పోతాయి. తర్వాత?" అనేవాడు. పోవద్దని ఎవరికీ చెప్పలేదు, పోయి రా అనే చెప్పినాడు, కానీ వచ్చినాక బతికే బతుకే పెద్దది అని లెక్కేసి చూపించేవాడు. 15కీ 25కీ తేడా ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది.

అందుకే నాకు ఈ పట్టుదల. మనం సైనికుణ్ణి యుద్ధంలోనే వదిలేసి వచ్చేస్తే, యూనిఫాం విప్పిన తర్వాత ఒక మనిషి ఎట్లా నిలదొక్కుకున్నాడో ఈ పిలకాయలకు చెప్పేవాళ్ళు ఎవరు. బావ అడిగేది వేరే, "నా పిల్లలకు తాత అంటే మిలిటరీ అనే తెలుసు, వాచ్‌మన్ అని చెప్పి నువ్వేం సాధిస్తావు?" అని. ఆయన గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంటుంది, చిన్నప్పుడు చెరువు కట్ట మీద పరుగెత్తినోడికి ఆ పరుగుకు ఒక అర్థం కావాలి కదా, తండ్రి వీరుడైతేనే ఆ దెబ్బలకు విలువ. అది నాకు అర్థమవుతుంది, అందుకే బావతో గట్టిగా వాదించలేను. మైకు వాళ్ళతో అయితే వాదిస్తాను.

పోయిన నెల మా వీధి చివర పిల్లోడు ఇంటికొచ్చినాడు. ఫిజికల్ పాసైనాడంట, మామకు చెప్పాలని వచ్చి, గోడ మీద దండేసిన ఫోటో చూసి నిలబడిపోయినాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి ఈ కథంతా చెప్పినాను, లారీ, కంబళి, మండీల వాళ్ళ గోనెసంచులు, వాచిన కాళ్ళు, స్టాఫ్ లోను. వాడు అంతా విని "ఆంటీ, ఆ బ్యాంకు గార్డు పోస్టులకు నోటిఫికేషన్ ఎట్లా వేస్తారు, ఏమన్నా ఎగ్జాం ఉంటుందా?" అని ఫోనులో నోట్ చేసుకోవడానికి రెడీ అయినాడు. నాకు తెలిసింది చెప్పినాను, మిగతాది చిత్తూరు పోయినప్పుడు జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో కనుక్కోమన్నాను. బావకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.